పాత తపాలా బిళ్ళ మీద చెరిపేసిన ముద్రను ఇంట్లో గుర్తించడం ఎలా?

ప్రశ్న: వంశధార (గుణుపురం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పర్లాకిమిడిలో ఒక వకీలుగారి దగ్గర గుమస్తాగా పనిచేశారు. కచేరీ కాగితాల మధ్య బతికిన మనిషి కాబట్టి తపాలా బిళ్ళలు కూడబెట్టే అలవాటు ఆయనకు తేలికగానే పట్టుబడింది. ఆయన పోయిన తరువాత రెండు ఆల్బములు నా చేతికి వచ్చాయి. ఈ విద్యతో నాకున్న పరిచయం ఆ రెండు ఆల్బముల మేరకే కనుక, అడుగుతున్నది మరీ తెలివితక్కువ ప్రశ్న అయితే మన్నించగలరు.

నా సందేహం రెండు బిళ్ళల గురించి. మొదటిది, 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీ బిళ్ళల వరుసలోని 10 రూపాయలది. ఆ వరుసలో నాలుగు బిళ్ళలుంటే అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలవి నాన్నగారే సంపాదించారు. నాలుగవ దాని చోటు ఖాళీగా వదిలి, కింద విలువ మాత్రం పెన్సిలుతో రాసిపెట్టుకున్నారు. ఆ ఖాళీని పూరించాలన్న కోరికతో గత నెల బరంపురంలో ఒక వ్యాపారి దగ్గర ఆ బిళ్ళ కొన్నాను. అది వాడనిదనీ, జిగురు కూడా చెడలేదనీ ఆయన చెప్పారు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూస్తే, కుడి వైపు కింది మూలలో ఎరుపు రంగు మిగతా చోట్ల కంటే కొంచెం మందంగా, నిగారింపు లేకుండా కనిపిస్తోంది. వెనుక జిగురు మాత్రం నిన్న పూసినట్టు మెరుస్తోంది.

రెండవది నాన్నగారి ఆల్బములోనే ఉన్న అయిదవ జార్జి కాలపు 5 రూపాయల బిళ్ళ, నీలం, ఊదా రంగులది. దాని మీద ఏ ముద్రా లేదు, వెనుక జిగురూ లేదు. అయితే వెనుక చాలా చిన్న అక్షరాలతో పెన్సిలుతో "క. తు." అని రాసి ఉంది. అది నాన్నగారి దస్తూరీయే. ఆ అక్షరాల అర్థం మాత్రం నాకు తెలియదు.

ఈ రెండింటి మీదా ఒకప్పుడు ముద్రో సంతకమో ఉండి, తరువాత ఎవరైనా చెరిపారా అన్నది బిళ్ళలకు హాని కలగకుండా ఇంట్లో తెలుసుకునే మార్గం ఉంటే చెప్పగలరు. రెండవ బిళ్ళ విషయం అడగడానికి కొంత మొహమాటంగా ఉంది. చెరిపినది ఎవరైనా కావచ్చు గదా.


సమాధానం: నాగావళి (రాయగడ)

వంశధార గారికి నమస్కారం. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి విరమించినవాడిని కాబట్టి నా సమాధానం కొంచెం పాఠంలా సాగితే ఓర్చుకోగలరు.

ముద్ర చెరిపారా అని చూడడానికి ముందు, అక్కడ ముద్ర ఉండి ఉంటే అది ఏ సిరాతో పడి ఉండేదో ఆలోచించండి. ఎందుకంటే ఒక్కొక్క సిరా పోతూ పోతూ ఒక్కొక్క రకం ఆనవాలు వదులుతుంది. ఒకదాని కోసం వెతికే పద్ధతి మరొకదానికి పనికిరాదు. మీ రెండు బిళ్ళలూ ఈ విషయంలో రెండు వేరు వేరు కథలు.

పోస్టాఫీసు ముద్రకు వాడే నల్ల సిరాలో ముఖ్యమైనది దీపపు మసి వంటి కర్బనం, దాన్ని నూనెలో కలుపుతారు. కర్బనాన్ని ఏ బ్లీచింగు ద్రవమూ రంగు పోగొట్టలేదు, ఎందుకంటే అది రసాయనికంగా మారేది కాదు. కాబట్టి అలాంటి ముద్రను తీసేవాడు నూనెను ఏదో ఒక ద్రావకంతో కరిగించి మసి రేణువులను పైకి లేపాలి, లేదా కాగితం పైపొరను గీకాలి. మొదటి పద్ధతిలో నూనె చుట్టుపక్కలకు పాకి, కాగితంలో లోపలికి ఇంకి, వెనుక నుంచి చూస్తే కొంచెం పారదర్శకంగా కనిపించే ఒక చాయను మిగులుస్తుంది. రెండవ పద్ధతిలో పోగులు లేస్తాయి. పది రెట్ల భూతద్దం కింద, పక్క నుంచి బాగా వాలుగా టార్చి వేసి చూస్తే ఆ పోగుల నీడలు గడ్డి దుబ్బుల్లా నిలబడతాయి. లోహపు ముద్రను గట్టిగా కొట్టిన చోట కాగితంలో వంపు గీత పల్లంగా మిగలడం కూడా ఉంటుంది, అది వెనుక వైపే బాగా తెలుస్తుంది. అయితే బిళ్ళను నీటిలో నానబెట్టి బరువు కింద ఆరబెడితే ఆ పల్లం చదునైపోతుంది. అందువల్ల పల్లం కనిపిస్తే అది సాక్ష్యమే గాని, కనిపించకపోవడం సాక్ష్యం కాదు.

మీ 5 రూపాయల బిళ్ళ కథ వేరు. అంత విలువ గల బిళ్ళలు మామూలు ఉత్తరాల మీద అరుదుగా, పార్సిళ్ళ మీద, తంతి రుసుములకు, కొన్ని సందర్భాల్లో కాగితాల మీద రుసుము కింద అంటించేవారు. కాగితం మీద అంటించిన దాన్ని రద్దు చేయడానికి ముద్ర కొట్టే తీరిక లేక కలంతో అడ్డంగా గీసి తేదీ వేసేవారు. 1906లో అర్ధ అణా, అణా బిళ్ళల మీద తపాలాకూ రెవెన్యూకూ రెండింటికీ చెల్లుతుందన్న మాటలు అచ్చయిన తరువాత చిన్న విలువల మీద కలం గీతలు ఇంకా ఎక్కువయ్యాయి. రసీదు రాసి అణా బిళ్ళ అంటించి దాని మీదుగా సంతకం చేయడం మన తాతల కాలంలో ప్రతి కొట్లోనూ జరిగిన పనే.

ఆ కలంలో ఉన్నది చాలావరకు అన్నభేది సిరా, అంటే కరక్కాయ వంటి వగరు కాయల రసానికి అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసినది. రాసినప్పుడు లేతగా ఉండి గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. ఇనుము, ఆ కాయల్లోని వగరు పదార్థమైన టానిన్ కలిసి కాగితపు పోగుల లోపలే కరగని రంగుగా మారడమే దీనికి కారణం. దీన్ని ఆక్జాలిక్ ఆమ్లంతో తుడిస్తే కంటికి మాయమవుతుంది, కానీ ఇనుము అణువులు అన్నీ పోవు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చిని చీకటి గదిలో వేసి చూడండి. కాగితం మందంగా మెరుస్తుంది. ఇనుము మిగిలిన చోట ఆ మెరుపు అణగిపోయి, గీత మళ్ళీ చీకటి తీగలా పైకి వస్తుంది. ఎన్నో ఏళ్ళ కిందట తుడిచిన గీత ఇలా లేచి రావడం నేను స్వయంగా చూశాను. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించిందని చెప్పడానికి సిగ్గుపడను.

టార్చి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బజారులో చవకగా దొరికేవి 395 నానోమీటర్లవి. వాటి నుంచి కంటికి కనిపించే ఊదా వెలుగు ఎక్కువగా రావడం వల్ల అన్నీ నీలంగా కనిపించి అసలు తేడా మునిగిపోతుంది. కంటిలోకి నేరుగా వేసుకోకండి, బిళ్ళ మీద నిమిషాల తరబడి ఉంచకండి.

ఇప్పుడు జిగురు సంగతి. ముద్ర పడిన బిళ్ళ ఏదో ఒక కవరు మీదో కాగితం మీదో అంటించినదే కాబట్టి దాని అసలు జిగురు పోయి ఉంటుంది. దాన్ని వాడనిదిగా అమ్మాలంటే కొత్త జిగురు పూయక తప్పదు. అసలు జిగురు బిళ్ళలకు చిల్లులు కొట్టక ముందే పెద్ద కాగితం మీద పూసినది. తరువాత చిల్లులు పడి, చింపినప్పుడు పంటి అంచుల కొసల్లో పోగులు మెత్తగా, జిగురు అంటకుండా విడివిడిగా నిలుస్తాయి. తరువాత పూసిన జిగురు ఆ పోగుల్లోకి పాకి వాటిని గట్టిపరుస్తుంది. భూతద్దం కింద కొసలు మైనం ముంచిన వత్తుల్లా కనిపిస్తే, వేలితో తాకితే ముల్లులా గుచ్చుకుంటే, జిగురు తరువాతిదే. ముద్ర చెరిపిన ఆధారం ఒక్కటీ దొరకకపోయినా, ఇది ఒక్కటి తేలితే వ్యాపారి మాట నిలవనట్టే. మీ గాంధీ బిళ్ళను పరీక్షించడం ఇక్కడి నుంచే మొదలుపెట్టమని నా సలహా. 1948 నాటి జిగురు మన సముద్రతీరపు తేమలో ఇన్నేళ్ళు ఉండి నిన్న పూసినట్టు మెరవడం అసాధ్యమని అనను గాని, నాకు నమ్మబుద్ధి కావడం లేదు.


సమాధానం: గోపాలపురం తీరం

నాగావళి గారు చెప్పినంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయం. మా పెదనాన్నగారు వెండి కాసు అంచుతో బిళ్ళ మూల మీద మెల్లగా గీసి చూసేవారు. నల్ల గీత పడితే సుద్ద పూత కాగితమనీ, పడకపోతే ఆ పూత కడిగేశారనీ తేల్చేవారు. వేడి నీటిలో ఒక నిమిషం వేస్తే కొత్త జిగురు, పాత జిగురు తేడా కూడా తెలిసిపోతుంది.


సమాధానం: నాగావళి (రాయగడ)

గోపాలపురం తీరం గారూ, మీ పెదనాన్నగారి పట్ల గౌరవంతోనే ఒక మాట చెబుతాను. ఆ వెండి పరీక్ష నిజమైనదే, పాత కాలపు సేకర్తలు వాడినదే. కానీ ఆ నల్ల గీత మళ్ళీ పోదు. బిళ్ళకు ఎవరైనా హాని చేశారా అని తెలుసుకోవడానికి మనమే హాని చేయడం అవుతుంది. పైగా సుద్ద పూత అన్ని బిళ్ళలకూ లేదు. అది లేని బిళ్ళ మీద గీత పడకపోతే ఏమి తేలినట్టు? వేడి నీళ్ళ సంగతి అంతకన్నా ప్రమాదం. వంశధార గారు ఆ బిళ్ళను వ్యాపారికి తిరిగి ఇవ్వాలనుకుంటే, నీటిలో వేసిన మరుక్షణం ఆ హక్కు పోతుంది.

అయినా ఆ పూత ప్రస్తావన మంచి సమయంలో వచ్చింది. ముద్ర చెరపడమనే విద్య బిళ్ళతో పాటే పుట్టింది. 1840లో ఇంగ్లండులో మొదటి నల్ల పెన్నీ బిళ్ళ వెలువడినప్పుడు దాన్ని ఎర్ర సిరాతో రద్దు చేసేవారు. ఆ ఎరుపును జనం కడిగి బిళ్ళను మళ్ళీ వాడుతున్నారన్న భయంతో 1841లో బిళ్ళను ఎరుపు చేసి, ముద్రను నలుపు చేశారు. ఆ తరువాత మన దేశానికి కూడా బిళ్ళలు అచ్చువేసిన డి లా ర్యూ సంస్థ ఇంకొక దారి పట్టింది. ముద్రను కడిగితే బిళ్ళ రంగు కూడా దానితో పాటు కరిగిపోయే సిరాలు చేసింది. వాటిలో ఊదా, ఆకుపచ్చ ముఖ్యమైనవి. 1883, 1884లలో బ్రిటిష్ బిళ్ళలు వరుసగా ఆ రెండు రంగులలోనే రావడం అందుకే. సుద్ద పూత కాగితం కూడా అదే కుటుంబం. దాని మీద రుద్దితే అచ్చు పైపొరతో సహా ఊడి వస్తుంది. కాబట్టి అలాంటి బిళ్ళ మీద ఒక చోట రంగు వెలిసి, పక్కనే చక్కగా ఉంటే, వెలిసిన చోటి ఆకారాన్ని చూడండి. ఎండకు వెలిసిన రంగు బిళ్ళంతా వెలుస్తుంది. తడి గుడ్డ తాకిన చోట వెలిసిన రంగుకు ఒక అంచు ఉంటుంది.

అయితే ఒక హెచ్చరిక. అతినీలలోహిత కాంతిలో ఏదైనా తేడా కనిపించిందంటే వెంటనే మోసం అనకండి. బట్టల సబ్బు పొడిలో కలిపే తెల్లదనపు రసాయనాలు నీలిగా మెరుస్తాయి. ఏ అమాయకుడో కవరు నుంచి బిళ్ళ ఊడదీయడానికి సబ్బు నీళ్ళు వాడితే ఆ మెరుపు కాగితంలో ఉండిపోతుంది. అలాగే మన ప్రాంతపు తేమకు పట్టే గోధుమ రంగు మచ్చలను పోగొట్టడానికి బ్లీచింగు ద్రవం అద్దినవారు ఎందరో ఉన్నారు. అదీ వెలుగు కింద మచ్చలా కనిపిస్తుంది. అందువల్ల బిళ్ళను ఒంటరిగా చూడకండి. మీ నాన్నగారి అణాన్నర, 12 అణాల గాంధీ బిళ్ళలు ఒకే కాలపు, ఒకే అచ్చు కూటమివి. నాలుగూ స్విట్జర్లాండులోని కూర్వోజియే సంస్థలో ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయ్యాయి. వాటిని పక్కపక్కన పెట్టి ఒకే వెలుగులో చూస్తే, 10 రూపాయల దానిలోని వింత ఏదో, వరుసకంతటికీ సహజమైనదేదో మీకే తెలుస్తుంది.

బెంజీనుతో నీటి గుర్తు (కాగితంలోనే ఉండే వాటర్‌మార్కు) చూసే పళ్ళెంలో వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, ఫోటోగ్రావ్యూర్ సిరాలు కొన్ని ఆ ద్రావకంలో చెదురుతాయని గుర్తుంచుకోండి. నాకు తెలిసినంతలో ఈ బిళ్ళ విషయంలో దాని అవసరమే లేదు.


సమాధానం: జయపురం కొండలు

నేను కోరాపుట్ వైపు కంప్యూటరు పని చేసేవాడిని కనుక నా దారి వేరుగా ఉంటుంది. వంశధార గారూ, మీ ఊళ్ళో స్కానరు ఉన్న అంగడి తప్పక ఉంటుంది. రెండు బిళ్ళలనూ, ముందూ వెనుకా, అంగుళానికి 1200 చుక్కల సాంద్రతతో స్కాన్ చేయించండి. ఫైలును కుదించవద్దని చెప్పండి. ఫోటో పంపే యాప్‌లో పంపించుకుంటే అది కుదించేసి, మనకు కావలసిన సూక్ష్మాన్నంతా మింగేస్తుంది.

తరువాత ఉచితంగా దొరికే గింప్ వంటి ఏ చిత్రాల సాఫ్ట్‌వేరులోనైనా తెరిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలను విడివిడిగా చూడండి. ఇక్కడి కిటుకు చాలా సులభం. ఎరుపు సిరా ఎరుపు వెలుగును తిప్పి పంపుతుంది కాబట్టి ఎరుపు పొరలో అది దాదాపు తెల్లగా మారిపోతుంది. దాని కింద దాగిన బూడిద రంగు మరక మాత్రం నల్లగానే ఉంటుంది. మీరు అనుమానించిన మూల ఎర్ర రంగు భాగమే అన్నారు కనుక ముందు ఎరుపు పొర చూడండి. 5 రూపాయల బిళ్ళకు నీలం పొర చూడాలి. ఊదా భాగాలు ఏ పొరలోనూ పూర్తిగా మాయం కావు, అక్కడ ఓపిక కావాలి. పొర దొరికాక కాంట్రాస్టు పెంచండి. ఎంత పెంచినా కొత్త గీతలు పుట్టవు గాని, మన కన్ను మాత్రం లేని అక్షరాలను చదవడం మొదలుపెడుతుంది. అందుకే వేరే మనిషికి ఏమీ చెప్పకుండా చూపించి, "ఇక్కడ ఏమి కనిపిస్తోంది?" అని అడగడం నా అలవాటు. మా ఇంట్లో ఈ పని మా అమ్మగారిది, ఆవిడకు బిళ్ళల మీద ఏ అభిమానమూ లేదు కాబట్టి తీర్పు నిష్పక్షపాతంగా ఉంటుంది.

ఇంకొకటి. చీకట్లో చూసే నిఘా కెమెరాలు పరారుణ కాంతితో పనిచేస్తాయి. అచ్చు సిరాలు చాలావరకు ఆ కాంతిలో మాయమై, కర్బనపు మసి ఒక్కటే నల్లగా మిగులుతుంది. నేను ఒక పాత వెబ్ కెమెరాలోని పరారుణ వడపోత అద్దం ఊడదీసి ఇలాంటిది చేసుకున్నాను. పోస్టాఫీసు ముద్రకు ఇది బాగా పనిచేస్తుంది. అన్నభేది సిరా మాత్రం ఈ కాంతిలో వెలిసిపోతుంది, కాబట్టి మీ రెండవ బిళ్ళకు నాగావళి గారి టార్చియే గతి.


సమాధానం: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పైవారు చెప్పిన పద్ధతులకు నేను చేర్చగలిగింది తక్కువ. ఊరి మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలనిపించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మన గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ కాలపు ముద్రలలో మన ఊరి పేరును ఆంగ్లంలో పర్లాకిమెడి అని రాసేవారు. బరంపురానికి, బెంగాల్‌లో మరొక బరంపురం ఉంది కనుక, గంజాం అన్న తోక తగిలించవలసి వచ్చేది. అలాంటి ముద్ర స్పష్టంగా పడిన అర్ధ అణా బిళ్ళ కోసం నేను పదేళ్ళు తిరిగాను. ముద్ర లేని అర్ధ అణా బిళ్ళ సంచుల కొద్దీ దొరుకుతుంది, ముద్ర ఉన్నది దొరకదు. ముద్ర చెరిపేవాడు బిళ్ళకు విలువ పెంచుతున్నానని అనుకుంటాడు గాని, అది ఏ ఊళ్ళో ఏ రోజున ప్రయాణం మొదలుపెట్టిందో తుడిచేస్తున్నాడు.

ఇక "క. తు." గురించి. ఇక్కడి పాత సేకర్తలు ఎవరి పొడి అక్షరాలు వారు పెట్టుకునేవారు, కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఆల్బములో మిగిలిన బిళ్ళల వెనుక కూడా ఇలాంటివి ఉన్నాయేమో చూడండి. ఒక్క చోట రాసింది పొడుపు కథ, పది చోట్ల రాసింది నిఘంటువు.


సమాధానం: బరంపురం వకీలు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. వాడిన బిళ్ళ మీద వాడినట్టు తెలిపే గుర్తును మోసపూరితంగా, లేదా ప్రభుత్వానికి నష్టం కలిగించే ఉద్దేశంతో చెరపడం పాత శిక్షాస్మృతిలో 263వ సెక్షను కింద నేరం, మూడేళ్ళ వరకు శిక్ష. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే విషయం 185వ సెక్షనులో ఉంది. మీ వ్యవహారం అంత దూరం వెళ్ళవలసిన పని లేదు. వాడనిదని నమ్మబలికి వాడినది అమ్మితే అది కొనుగోలుదారును మోసగించడమే, కానీ వ్యాపారికి కూడా తెలియకపోయి ఉండవచ్చు. ముందు స్కాన్ చిత్రాలను, కొన్న రసీదును జత చేసి మర్యాదగా ఉత్తరం రాయండి. ఖరీదైన బిళ్ళ అయితే నిపుణుల సంఘం నుంచి ధ్రువపత్రం తెప్పించుకోవచ్చు. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి చోట్ల అందుకోసమే ప్రత్యేక సంఘాలున్నాయి. ఖర్చు, కాలం చూసుకుని నిర్ణయించుకోండి.


వంశధార (గుణుపురం)

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, టార్చి తెప్పించుకోవడానికే పది రోజులు పట్టింది.

గాంధీ బిళ్ళ సంగతి ముందు చెబుతాను. నాగావళి గారు చెప్పినట్టు పంటి అంచులతో మొదలుపెట్టాను. నాన్నగారి 12 అణాల బిళ్ళ కొసల్లో పోగులు దూది పింజల్లా ఉన్నాయి. నేను కొన్నదాని కొసలు గట్టిగా, కొన్ని చోట్ల జిగురు చుక్కలు గడ్డకట్టి ఉన్నాయి. అంగడిలో స్కాన్ చేయించి ఎరుపు పొర చూస్తే, కుడి మూలలో ఒక వంపు గీత, దానికి లోపల సమాంతరంగా మరొకటి కనిపించాయి. రెండింటి మధ్య రెండు అక్షరాల వంటి మరకలున్నాయి. జయపురం కొండలు గారి మాట ప్రకారం మా పక్కింటి అమ్మాయికి ఏమీ చెప్పకుండా చూపిస్తే, "గుండ్రని స్టాంపు కొట్టి తుడిచేశారా ఆంటీ?" అని అడిగింది. అక్షరాలు ఏమిటో మాత్రం ఇద్దరం చెరొకటి చదివాం కనుక వాటిని వదిలేశాను. వ్యాపారికి చిత్రాలతో ఉత్తరం రాశాను. ఆయన తనకు వేరొకరి సేకరణతో పాటు వచ్చిందని చెప్పి, డబ్బు తిరిగి ఇస్తాననో, లేదా వాడిన బిళ్ళ ధరకు తగ్గించి ఇస్తాననో అన్నారు. ఆలోచించి రెండవదే ఒప్పుకున్నాను. ఆ చోటు ఇన్నేళ్ళు ఖాళీగా ఉంది, మళ్ళీ ఖాళీ చేయడానికి మనసు రాలేదు.

5 రూపాయల బిళ్ళను రాత్రి దీపాలార్పి టార్చి కింద చూశాను. మొదట ఏమీ కనిపించలేదు. కన్ను చీకటికి అలవాటు పడిన తరువాత ఎడమ పై మూల నుంచి కిందికి రెండు చీకటి గీతలు, వాటికి అడ్డంగా ఒక సంఖ్య వంటిది తేలాయి. కలం గీతలే, సందేహం లేదు.

తరువాత మహేంద్రతనయ గారి సలహా ప్రకారం రెండు ఆల్బముల్లోని బిళ్ళలన్నిటినీ పటకారుతో తిప్పి చూశాను. నాలుగింటి వెనుక "క." అని ఒక్క అక్షరమే ఉంది. ఆ నాలుగింటి ముందు వైపూ కలం గీతలు కంటికి స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. కాబట్టి "క." అంటే కలమే అని అనుకుంటున్నాను. "తు." ఒక్క ఈ బిళ్ళ మీదే ఉంది. తుడిచినదని ఆయన రాసుకున్నారనే నాకు అనిపిస్తోంది. తుడిచింది ఆయనేనా, తుడిచినదాన్ని తెలిసి ఎవరి దగ్గరైనా తీసుకున్నారా అన్నది ఆ రెండు అక్షరాలు చెప్పవు. కానీ దాచలేదు కదా అన్న ఊరట నాకు కలిగింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. గాంధీ బిళ్ళ వెనుక నేను కూడా ఏదైనా రాయాలా, రాస్తే దేనితో రాయాలి?


నాగావళి (రాయగడ)

మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, వెనుక ఒక మూల రాయండి. కలంతో వద్దు. ఆల్బము పేజీలో, మీ నాన్నగారు రాసిన విలువ పక్కన కూడా రాసిపెట్టండి, బిళ్ళ ఎప్పుడైనా పేజీ మారితే రెండు చోట్లా ఉంటుంది. మాటలు మీ ఇష్టం. ఆయన పద్ధతిలోనే రాయాలనుకుంటే "ము. తు." అంటే సరిపోతుంది.